పార్టీ లేని ప్లీడరు: తెన్నేటి విశ్వనాథం గురించి ఒంగోలులో ఒక ప్రసంగం

(ఒంగోలులో యువ న్యాయవాదుల ముందు ఒక సీనియర్ అడ్వొకేటు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్లు ముందుకి వచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, మీరూ రండి. ఈ ఫ్యాన్ చప్పుడుకి నా మాట వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

మన జూనియర్లు ఇద్దరు ముగ్గురు ఈమధ్య నన్ను ఒకే ప్రశ్న అడిగారు. సార్, లాయరు రాజకీయాల్లోకి రావాలంటే ఏదో ఒక పార్టీ కండువా వేసుకోక తప్పదా, ఇండిపెండెంటుగా నిలబడితే డిపాజిట్ గల్లంతవడం తప్ప ఒరిగేదేమైనా ఉందా అని. మంచి ప్రశ్న. దానికి ఊరికే ఔననో కాదనో చెప్పేసి ఊరుకోకుండా ఒక మనిషి కథ చెప్దామని వచ్చాను. తెన్నేటి విశ్వనాథం గారి కథ. ఆయన మన జిల్లా మనిషి కాదు, విశాఖ జిల్లా లక్కవరంలో పుట్టారు, 1895లో. అయితే ఆయన గురించి చెప్పుకోవడానికి ఒంగోలు కంటే సరైన ఊరు లేదని నా నమ్మకం. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఒంగోల్లో నిలబడి ప్లీడర్ల గురించి మాట్లాడుతూ ప్రకాశం పంతులు గారిని తలుచుకోకపోతే ఎలా? ఆయన సంగతి మీకు చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి గబగబా చెప్పేస్తాను. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి పోతే తల్లి సుబ్బమ్మ గారు ఈ ఒంగోల్లోనే పూటకూళ్లిల్లు నడిపి పిల్లల్ని పెంచారు. హనుమంతరావు నాయుడు మాస్టారు చేరదీసి రాజమండ్రి తీసుకెళ్లారు. అక్కడ సెకండ్ గ్రేడ్ ప్లీడరు అయ్యారు, మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు, ఇంగ్లండు వెళ్లి బారిష్టరై వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెడితే డబ్బు కుప్పలు పడింది. 1921లో ఆ ప్రాక్టీసు వదిలేశారు. వదిలేసి ఊరుకున్నారా? సంపాదించిందంతా స్వరాజ్య పత్రికలో పోశారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీకి రొమ్ము చూపించారు. ఇదంతా మీకు తెలిసిందే.

ఆ ప్రకాశం గారి వెంట చివరిదాకా నిలబడ్డ ప్లీడరు తెన్నేటి విశ్వనాథం. ప్రకాశం గారి ఆత్మకథ నా జీవితయాత్ర ఉంది చూశారా, ఆయన రాసింది రాయగా మిగిలిపోయిన చివరి భాగాన్ని రాసింది విశ్వనాథం గారే. ఒకాయన జీవితాన్ని ఇంకొకాయన పూర్తి చేసి రాయాలంటే ఎంత దగ్గరితనం ఉండాలి, ఎంత నమ్మకం ఉండాలి? మన జిల్లాకి ఆ పేరు ప్రకాశం గారి మీదుగా వచ్చింది కదా, ఆయన ఆఖరి సంవత్సరాలని మనకి అక్షరాల్లో మిగిల్చిన మనిషి పేరు ఈ ఊళ్లో ఎంతమందికి తెలుసు? చేతులెత్తమని అడగను లెండి.

విశ్వనాథం గారు విశాఖపట్నంలో ప్లీడరు. స్వాతంత్ర్యోద్యమంలోకి దిగి పదేపదే జైలుకెళ్లారు. 1937 ఎన్నికలు వచ్చేసరికి మద్రాసు శాసనసభలో ఉన్నారు. ఇంతవరకు ఆ తరం లాయర్లలో చాలామంది కథే. తేడా ఎక్కడొచ్చిందంటే, 1951లో. ప్రకాశం గారు కాంగ్రెస్ నుంచి బయటికొచ్చారు. ఎవరు? కాంగ్రెస్ కోసం ఆస్తి, ప్రాక్టీసు అన్నీ ధారపోసి మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రిగా, అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు, చేసిన మనిషి, దాదాపు ఎనభై ఏళ్ల వయసులో. ఆయనతో పాటు విశ్వనాథం గారు కూడా బయటికొచ్చేశారు. అప్పుడు కాంగ్రెస్ అంటే ఏమిటో ఊహించుకోండి. దేశం మొత్తం దాని చేతిలో ఉంది. బయటికెళ్లినవాడికి దారి లేదని అందరూ అనుకునే రోజులు.

ఇక్కడ మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పి తీరాలి. ఆ తర్వాత కొన్ని నెలలకే వచ్చిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో, 1952లో, నెల్లూరు లోక్‌సభకి ఎవరు గెలిచారు? బెజవాడ రామచంద్రారెడ్డి గారు, ఇండిపెండెంటు. ఒంగోలు అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒకటి జనరల్, ఒకటి షెడ్యూల్డ్ కులాలకి. గెలిచిన ఇద్దరూ, వెంకటరాఘవయ్య గారు, నానాదాసు గారు, ఇద్దరూ ఇండిపెండెంట్లే! అంటే ఈ రెండు ఊళ్ల పేర్ల మీద మొదటి లోక్‌సభకి వెళ్లిన ముగ్గురికి ముగ్గురూ ఇండిపెండెంట్లు. మనవాళ్లు పార్టీ గుర్తు లేని మనిషికి ఓటెయ్యరు అని ఇప్పుడెవరైనా మీతో అంటే ఈ సంగతి చెప్పండి. మన తాతలు వేశారు.

ఆ ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెస్‌కి మెజారిటీ రాలేదు. 375 సీట్లలో 152. ప్రకాశం గారు స్వయంగా ఓడిపోయారు, కానీ ప్రతిపక్షాలన్నీ కలిసి ఆయన్నే నాయకుడిగా ఎన్నుకున్నాయి. గవర్నరు మాత్రం రాజాజీని పిలిచారు. ఆ గొడవలోకి ఇప్పుడు వెళ్లను, అది ఇంకో రోజు మాట్లాడుకోవలసినంత ఉంది. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం గారు ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి గారు ఉపముఖ్యమంత్రి, మన విశ్వనాథం గారు ఆర్థిక మంత్రి. ఆ ప్రభుత్వం ఏడాది దాటి కొన్ని వారాలు బతికింది. 1954 నవంబర్‌లో మద్యనిషేధం గొడవ మీద అవిశ్వాసం పెడితే ఒక్క ఓటుతో పడిపోయింది. ఒక్క ఓటు! సభలో ఒక్క మనిషి విలువ ఎంతో విశ్వనాథం గారికి ఆ రోజు తెలిసినంతగా ఇంకెవరికి తెలిసి ఉంటుంది చెప్పండి. 1957లో ప్రకాశం గారు పోయారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను.

పెద్దాయన పోయారు, పార్టీ లేదు, మంత్రి పదవి పోయి ఏళ్లు గడిచాయి. మామూలుగా ఇలాంటి మనిషి ఏం చేస్తాడు? ఇంట్లో కూర్చుంటాడు, లేదా ఏదో పార్టీ గుమ్మం ఎక్కుతాడు. విశ్వనాథం గారు ఒక కేసు పట్టుకున్నారు. నేను కేసు అనే అంటాను, ఎందుకంటే ఆయన దాన్ని ఒక ప్లీడరు వకాల్తా పుచ్చుకున్నట్టే పట్టుకున్నారు. విశాఖ ఉక్కు కర్మాగారం.

మీలో చాలామందికి విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదం తెలుసు. దాని వెనక కాగితం ఏముందో తెలుసా? 1965లో బ్రిటిష్, అమెరికన్ నిపుణుల బృందం ఒకటి చూసి దక్షిణాదిలో ఉక్కు ఫ్యాక్టరీకి విశాఖపట్నమే తగిన చోటని నివేదిక ఇచ్చింది. నివేదిక ఉంది, కానీ ఢిల్లీ కదల్లేదు. ఇటు మద్రాసు వాళ్లు సేలం అంటున్నారు, అటు మైసూరు వాళ్లు హోస్పేట అంటున్నారు, వాళ్లనీ తప్పుపట్టలేం, ఎవరి ఊరు వాళ్లకి ముద్దు. అయితే మన చేతిలో కాగితం ఉంది. ప్లీడరు కళ్లతో చూడండి దీన్ని. సాక్ష్యం మనవైపు ఉంది, తీర్పు రావడం లేదు. అప్పుడు ఏం చెయ్యాలి?

అఖిలపక్షం కట్టారు. విశ్వనాథం గారు దానికి నాయకుడు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. కమ్యూనిస్టులు, సోషలిస్టులు, స్వతంత్ర పార్టీ వాళ్లు, కాంగ్రెస్‌లో అసంతృప్తి ఉన్నవాళ్లు, విద్యార్థులు, వీళ్లందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాలంటే నాయకుడు ఎవరై ఉండాలి? ఏదో ఒక పార్టీ మనిషి అయితే మిగతావాళ్లు వస్తారా? రారు. వచ్చినా మనసు పెట్టరు. ఏ పార్టీకీ లాభం చెయ్యని మనిషి కావాలి, అందరూ గౌరవించే వయసు, చరిత్ర ఉండాలి, ఢిల్లీ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఫైలు చేతిలో పెట్టుకుని మాట్లాడగలగాలి. ఇండిపెండెంటుకి బలం లేదంటారే, ఆ చోట పార్టీ లేకపోవడమే ఆయన బలం. నేను ఇవాళ మీకు చెప్పాలనుకున్న మాట ఇదే. మళ్లీ చెప్తున్నాను, పార్టీ లేకపోవడమే ఆయన బలం.

1966 అక్టోబర్‌లో గుంటూరు జిల్లా నుంచి అమృతరావు గారు విశాఖ వెళ్లి నిరాహార దీక్షకి కూర్చున్నారు. ఉద్యమం కోస్తా అంతా పాకింది. నవంబర్ 1న, రాష్ట్రావతరణ దినం రోజునే, విశాఖలో కాల్పులు జరిగాయి. ఉద్యమం ముగిసేలోగా మొత్తం 32 మంది చనిపోయారని లెక్క. ప్రతిపక్షాల ఎమ్మెల్యేలు, ఎంపీలు రాజీనామాలు చేశారు. 32 ప్రాణాలు, తమ్ముళ్లూ. దాన్ని ఒక అంకెగా చదివేసి ముందుకెళ్లిపోవడం నాకు చాతకాదు. అందులో విద్యార్థులున్నారు, మామూలు జనం ఉన్నారు. ఆ ప్రాణాలు పోయాక ఉద్యమాన్ని నడిపిన పెద్దమనిషికి ఎంత భారం ఉంటుందో ఆలోచించండి. ఇంతటితో చాలు అని వదిలేస్తే ఆ పోయినవాళ్లకి ఏం జవాబు చెప్తాడు?

ఆయన వదల్లేదు. 1967 ఎన్నికల్లో, డెబ్భై దాటిన వయసులో, విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఇండిపెండెంటుగా నిలబడ్డారు. గెలిచారు. విశాఖ జనం ఆయనకి ఓటేసి ఢిల్లీ పంపింది ఒకే పని మీద.

ఇక్కడ మీరు అడగాలి, ఐదొందలకి పైగా సభ్యులున్న సభలో ఒక్కడు ఏం చేస్తాడని. అడుగుతున్నారు కదా మనసులో? చెప్తాను. 1969లో కాంగ్రెస్ చీలింది. ఇందిరాగాంధీ గారి ప్రభుత్వానికి సొంత మెజారిటీ పోయింది, బయటివాళ్ల మద్దతు మీద నడుస్తోంది. ఒక్కొక్క సభ్యుడి మాటకీ విలువ పెరిగింది. అలాంటి రోజుల్లో విప్‌కి, అంటే ఎలా ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి, కట్టుబడని మనిషి, తన పనేమిటో తనకి స్పష్టంగా తెలిసిన మనిషి సభలో ఉండటం మామూలు విషయమా? ఎన్నాళ్లనుంచో ఫైలు సిద్ధంగా పెట్టుకున్న ప్లీడరికి కోర్టు టైము దొరికింది. 1970 ఏప్రిల్ 17న ప్రధానమంత్రి పార్లమెంటులో ప్రకటించారు, విశాఖపట్నం, సేలం, హోస్పేట, మూడు చోట్లా ఉక్కు కర్మాగారాలు. 1971 జనవరి 20న బాలచెరువు దగ్గర శంకుస్థాపన జరిగింది.

ఆయనొక్కడే తెచ్చాడని నేను అనను. అనకూడదు కూడా. 32 మంది ప్రాణాలు, అమృతరావు గారి దీక్ష, వీధుల్లోకొచ్చిన లక్షల జనం, రాజీనామా చేసిన సభ్యులు, భూములిచ్చిన రైతులు, అందరిదీ ఆ ఫ్యాక్టరీ. నేననేది ఏమిటంటే, ఇంతమంది చేసిందాన్ని ఢిల్లీలో వదలకుండా పట్టుకుని కూర్చున్న మనిషి ఒకడు కావాలి, ఆ పని ఆయన చేశారు. 1979లో పోయారు. విశాఖ బీచ్ రోడ్డులో తెన్నేటి పార్కు అని ఉంది, సాయంత్రాలు పిల్లలతో నిండి ఉంటుంది, మీరు టూర్ వెళ్లినప్పుడు ఫోటోలు కూడా దిగి ఉంటారు. 2004లో తపాలా బిళ్ల కూడా వేశారు.

సరే, ఇదే కాలంలో ఇంకో తెలుగు లాయరు ఇండిపెండెంటుగా నిలబడి దేశాన్నే కుదిపారు, ఆయన్ని వదిలేస్తే అన్యాయం. వి.వి. గిరి గారు. బరంపురం మనిషి, ఐర్లండులో న్యాయశాస్త్రం చదువుకున్నారు, అక్కడి స్వాతంత్ర్యోద్యమంతో సంబంధం ఉందని అనుమానంతో 1916లో వెనక్కి పంపేశారు. 1969లో రాష్ట్రపతి ఎన్నికకి పార్టీ టికెట్ లేకుండా నిలబడ్డారు. ఎదుట కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి ఎవరు? మనం ఇందాక అనుకున్న సంజీవరెడ్డి గారే. మొదటి ప్రాధాన్యత ఓట్లలో ఎవరికీ సగం రాలేదు. రెండో ప్రాధాన్యత లెక్కపెడితే గిరి గారికి 4,20,077, రెడ్డి గారికి 4,05,427. తర్వాత ఆ ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో పిటిషన్ పడితే రాష్ట్రపతిగా ఉన్న మనిషి స్వయంగా కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి బోనుకి వచ్చి జవాబులు చెప్పడం! లాయరు కాబట్టి చెయ్యగలిగారని నేననుకుంటాను, కోర్టు అంటే భయం కాదు, మర్యాద ఉన్నవాడికే అది సాధ్యం. పిటిషన్ కొట్టేశారు. గిరి గారికి పెద్ద పెద్దవాళ్ల మద్దతు ఉంది కాబట్టి ఆయన కథ వేరు, విశ్వనాథం గారి కథ వేరు. మీలాంటి వాళ్లకి పనికొచ్చేది విశ్వనాథం గారిదే.

ఇప్పుడు మన రోజులకి వద్దాం. 1957లో లోక్‌సభలో ఇండిపెండెంట్లు 42 మంది. 2024లో ఏడుగురు. ఎందుకు తగ్గిపోయారు? ఖర్చు ఒకటి. అసెంబ్లీ అభ్యర్థికి చట్టం పెట్టిన పరిమితే 40 లక్షలు, బయట ఎంత అవుతోందో మీకూ నాకూ తెలుసు. రెండోది, ఇండిపెండెంట్ అనే మాటని మనవాళ్లే చెడగొట్టారు. ఎదుటివాడి పేరూ ఇంటిపేరూ ఉన్న మనిషిని ఎక్కడినుంచో వెతికి తీసుకొచ్చి నామినేషన్ వేయిస్తారు, ఓట్లు చీల్చడానికి. ఆ మనిషి ప్రచారానికి కూడా రాడు. ఇంకొకడు విత్‌డ్రాయల్ రోజు దాకా ఉండి బేరం కుదరగానే పోతాడు. ఇలాంటివాళ్లని చూసి చూసి జనానికి విసుగొచ్చింది. జనాన్ని ఏమనగలం?

మూడోది, గెలిచాక. ఇండిపెండెంటుగా గెలిచినవాడు ఏ పార్టీలోనైనా చేరితే సభ్యత్వం పోతుంది, రాజ్యాంగం పదో షెడ్యూలు, అదే ఫిరాయింపుల నిషేధ చట్టం, రెండో పేరాలో ఉంది, చదవండి. బయటినుంచి ప్రభుత్వానికి మద్దతివ్వొచ్చు, చేరడం మాత్రం కుదరదు. హర్యానాలో కొంతమంది ఇండిపెండెంట్లు చేరారు, సభ్యత్వం పోయింది, 2006లో సుప్రీంకోర్టు కూడా అది సరైనదే అంది. పార్టీ మనుషులు విలీనమనో ఏదో దారి వెతుక్కుంటారు, ఇండిపెండెంటుకి ఆ దారి కూడా లేదు. నాకు ఈ నిబంధన చాలా ఇష్టం. ఏ పార్టీ లేనని చెప్పి ఓటడిగినవాడు ఆ మాట మీద ఉండాలి కదా.

ఇంక మీలో ఎవరైనా నిలబడాలనుకుంటే, లేదా నిలబడేవాళ్లకి పని చేసి పెట్టాలనుకుంటే, స్క్రూటినీ రోజు, అంటే అధికారి నామినేషన్లు పరిశీలించే రోజు, బల్ల దగ్గర ఏం జరుగుతుందో చెప్తాను. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ప్రపోజరు, అంటే పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టేవాడు, ఒక్కడు చాలు. ఇండిపెండెంటుకి పదిమంది కావాలి, పదిమందీ ఆ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. ఇది చిన్న విషయంలాగా కనిపిస్తుంది, సగం మంది ఇక్కడే పడిపోతారు. ఒకాయన ఓటు పక్క నియోజకవర్గంలో ఉంటుంది, ఊళ్లో ఉంటున్నాడు కదా అని సంతకం పెట్టించేస్తారు. ఇంకొకాయన పార్టు నంబరు పాత జాబితాది. ఒక పెద్దమ్మ వేలిముద్ర వేస్తుంది, వేలిముద్ర అయితే అధికారి ముందే వెయ్యాలని ఎవరూ చెప్పరు ఆమెకి, ఇంట్లోనే వేయించి తీసుకొస్తారు. పదిలో ఒకటి పోతే తొమ్మిది మిగుల్తాయి, తొమ్మిదితో నామినేషన్ లేదు. అందుకే ఒక్క సెట్టుతో ఆగకండి, చట్టం నాలుగు సెట్ల దాకా వెయ్యనిస్తుంది, వేరే వేరే ప్రపోజర్లతో వెయ్యండి.

అఫిడవిట్ ఉంది, ఫారం 26, మీ ఆస్తులూ అప్పులూ కేసులూ ప్రమాణం చేసి చెప్పే కాగితం. అందులో ఏ గడీ ఖాళీగా వదలొద్దు. లేకపోతే లేదు అని రాయండి, వర్తించకపోతే వర్తించదు అని రాయండి. ఖాళీ వదిలేసి, పూర్తి చెయ్యమని చెప్పినా చెయ్యకపోతే తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. డిపాజిట్టు అసెంబ్లీకి పది వేలు, లోక్‌సభకి పాతిక వేలు, ఎస్సీ ఎస్టీలకి అందులో సగం. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే పోతుంది. చిన్న చిన్న తప్పుల మీద, అసలు విషయానికి సంబంధం లేని తప్పుల మీద నామినేషన్ తిరస్కరించకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 36 చెప్తుంది, ఆ సెక్షన్ కాపీ చేతిలో పెట్టుకుని వెళ్లండి, గొంతు పెంచకుండా చదివి వినిపించండి.

ఒకమ్మాయి ఇందాక బయట అడిగింది, ఎమ్మెల్యే అయితే ప్రాక్టీసు మానెయ్యాలా అని. అక్కర్లేదు. ఎమ్మెల్యే, ఎంపీ జీతం తీసుకునే ఉద్యోగి కిందికి రారు, ప్రాక్టీసు చేసుకోవచ్చు, 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. చేసుకోవచ్చు, కానీ మనసు రెండు పడవల మీద పెట్టకండి, అది నా సలహా.

నా దగ్గర ఖాళీ నామినేషన్ ఫారాలు, ఫారం 26 నమూనాలు కొన్ని జిరాక్స్ తీయించి తెచ్చాను, అదిగో ఆ బల్ల మీద ఉన్నాయి, ఒకటి తీసుకుని ఇంటికెళ్లి మీ పేరుతోనే నింపి చూడండి, ఎక్కడ ఆగిపోయారో వచ్చే శనివారం చూద్దాం. విశాఖ ఉద్యమం మీద ఎవరికైనా ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి, నెల్లూరు నుంచి వచ్చినవాళ్లకి బస్సు టైం అవుతోంది కాబట్టి ముందు వాళ్లవి తీసుకుందాం.